పదహారు గడ్డిపెళ్ళలు

ఆయన పోయాడని ఫోను వచ్చినప్పుడు నేను కొలతల పుస్తకం ముందేసుకుని ఉన్నాను. రేణిగుంట అవతల పూడిక తీసిన ఒక చెరువు లెక్క అది. ఒకప్పుడు మట్టిపని జట్టులో నాతోపాటు తట్ట మోసినవాడు పాకాల నుంచి ఫోను చేశాడు.

"ఈ పొద్దు తెల్లార్తోనే. టీ తాగి గ్లాసు కింద పెట్టినాడంట. అంతే."

సరేనని ఫోను పెట్టేసి, ఆపిన వరుస దగ్గర్నుంచి కూడటం మొదలుపెట్టాను. మూడుసార్లు కూడితే మూడు మొత్తాలు వచ్చాయి. నా చేతి లెక్క అట్లా తప్పడం నాకు గుర్తున్నంతలో అదే మొదలు. పుస్తకం మూసి తిరుపతి బస్టాండుకు పోయాను. పాకాల బస్సులు నా ముందే రెండు కదిలాయి. ఎక్కలేదు. గంటకు కాస్త పైన పట్టే దారి. నాకు మూడు రోజులు పట్టింది.

ఆయన ఇంటి గడప తొక్కితే ఒక మాట చెప్పక తప్పదు. ఇరవై ఎనిమిదేళ్ళ కిందట ఒక గుంతలో ఆయన మీద పడిన మచ్చ ఆయనది కాదు, నాది. బతికున్నన్నాళ్ళూ ఆయన నన్ను ఆ మాట చెప్పనివ్వలేదు. ఇప్పుడు వద్దనడానికి ఆయన లేడు. చెబితే పోయేదేమిటో కూడా నాకు తెలుసు. నా బతుకంతా నా కొలత మీద ఉంది. నేను టేపు పట్టి ఒక అంకె చెబితే తవ్వినవాళ్ళు గానీ తవ్వించినవాళ్ళు గానీ దాన్ని మళ్ళీ కొలవరు. ఇరవై ఎనిమిదేళ్ళు కొలిచి సంపాదించుకున్నది అదొక్కటే.

ఆయన మట్టిపని మేస్త్రి. జట్టులో పన్నెండు మందిమి. అయిదు జంటలు, జత లేని ఇద్దరం. మగవాళ్ళు తవ్వేవాళ్ళు, ఆడవాళ్ళు తట్టలతో మోసేవాళ్ళు. నేను పదో తరగతి తప్పి, నాలుగేళ్ళు ఆ పనీ ఈ పనీ చేసి ఆ జట్టులో చేరాను. జత లేదు గనక ఒక రోజు పార, ఒక రోజు తట్ట. జేబులో మాత్రం ఎప్పుడూ ఒక చిన్న నోటుపుస్తకం. పాత లెక్కల పుస్తకం ఒకటి సంపాదించి ఘనపరిమాణాలు నాకు నేనే నేర్చుకున్నాను. ఆయనకు సంతకం కూడా రాదు. నన్ను పేరుపెట్టి పిలిచిన గుర్తు లేదు. "లెక్కలోడా" అనేవాడు.

గుంత తవ్వేటప్పుడు ఒక పద్ధతి ఉంది. జేసీబీలు వచ్చాక పుట్టినవాళ్ళు చూసి ఉండరు. గుంత మధ్యలో మూడడుగుల చదరం నేలను గడ్డితో సహా ముట్టుకోకుండా వదిలేస్తారు. చుట్టూ తవ్వుకుంటూ పోతే అది స్తంభంలాగా నిలబడుతుంది. తవ్వకముందు నేల ఎక్కడ ఉండేదో దాని నెత్తి చెబుతుంది. కొలిచేవాడు వచ్చి గుంత అడుగు నుంచి దాని నెత్తిదాకా కొలుస్తాడు. అదే లోతు. మేము దాన్ని దిబ్బ అనేవాళ్ళం.

"తవ్విన మన్ను ఎల్లిపోతాదప్పా. ఎంత తవ్వినామో చెప్పేది తవ్వందే," అనేవాడు ఆయన. కొత్తగా వచ్చినవాడెవడైనా విసుక్కుంటూ దిబ్బకు పార ఆనించి నిలబడితే చాలు, ఆ మాట వినాల్సిందే.

కొత్త పనికి పోయిన రోజు ముందుగా దిబ్బకు చోటు చూసేవాడు. మిట్ట మీద పెడితే లోతు ఎక్కువ కనిపిస్తుంది, పనిచ్చినవాడికి నష్టం. పల్లంలో పెడితే మాకు నష్టం. రెండూ కాని చోటు కావాలి. తలపాగా తీసి పక్కన పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, చెంప నేలకు ఆనించి, ఒక కన్ను మూసి గడ్డి కొసల మీదుగా చూసేవాడు. లేచి నాలుగడుగులు పోయి మళ్ళీ వంగేవాడు. ఒక్కోసారి అరగంట. మిగిలినవాళ్ళం పారలు, తట్టలు పట్టుకుని నిలబడేవాళ్ళం. ఆయన భార్యకు నోరెక్కువ.

"నన్ను సూడను వచ్చినప్పుడు ఇంతసేపు సూడలే ఈ మనిషి," అనేది తట్ట బోర్లించి దానిమీద కూర్చుంటూ.

"నిన్ను సూసినాక కొలిసేదేముండాది. మీ నాయన అప్పుడే కొలిసి కట్టబెట్టేసినాడు," అనేవాడు చెంప నేల మీంచి తియ్యకుండానే.

చోటు దొరికాక నాలుగు మూలలా నాలుగు పుల్లలు గుచ్చేవాడు. ఇక ఆ గడ్డి మీదికి మనిషి కాలు పోకూడదు, మేక మూతి పోకూడదు. గడ్డి ఎండిపోతే గాలికి నెత్తి అరుగుతుందని, తాగే చెంబులోంచి రెండు గుక్కలు దాని మీద పోసేవాడు. ఎండాకాలంలో మాకే నీళ్ళు చాలవు. "దిబ్బకు దప్పికైతాంది, పొయ్యి మామా," అని ఎగతాళి చేసేవాళ్ళం. కొలత అయిపోయాక దాన్ని పడగొట్టేది కూడా ఆయనే. ఇంకెవరినీ చెయ్యి వేయనిచ్చేవాడు కాదు. పైనుంచి మొదలుపెట్టి నెమ్మదిగా, ముసలివాళ్ళని మంచం మీంచి లేపినట్టుగా తీసేవాడు.

ఆయన లోతు చెప్పే తీరు వేరు. చీలమండ బంటి, మోకాటి బంటి, నడుం బంటి. "ఎవురి నడుం మామా?" అని నేను అడిగాను ఒకసారి. "నాది. గుంతలో ఉండేది నేనే గదా," అన్నాడు. నవ్వుకుని, ఆయన గుంతలో నిలబడి ఉండగా టేపు పెట్టాను. నడుం బంటి మూడడుగుల మూడంగుళాలు. తర్వాత ఆయన నడుం బంటి అన్న నాలుగుసార్లూ కొలిచాను. అరంగుళం తేడా రాలేదు.

నా లెక్కలకు ఆయన పరీక్ష ఇంకోలా ఉండేది. నేను పుస్తకంలో గుణించి ఇంత మన్ను వచ్చిందని చెబితే గట్టున పోసిన కుప్ప వైపు ఒకసారి చూసేవాడు. "ఆ గుంతలోంచి అంత మన్ను రాలే. మళ్ళా వెయ్యి," అనేవాడు. మళ్ళీ వేస్తే ఎక్కడో వెడల్పు తప్పు రాసుకుని ఉండేవాణ్ణి. మొదట్లో నేను కుప్పను కొలిచి గుంతతో పోల్చి తేడా వచ్చిందని తల బద్దలు కొట్టుకుంటుంటే ఆయనే చెప్పాడు. "నేలలో ఉన్నంతసేపే మన్ను అణిగుండేది. బయటికి తీస్తే ఉబ్బుతాది. మనిషిని నలుగురిలో పొగిడినట్ట." ఆ ఉబ్బుకు ఎంత తగ్గించాలో ఆ తర్వాత లెక్క కట్టుకున్నాను. నేలను బట్టి మారుతుంది. ఈనాటికీ అదే వాడుతున్నాను.

ఇక ఆ గుంత.

ఎండాకాలం. పాకాలకు దగ్గర్లోనే ఒక మామిడితోటలో నీళ్ళకోసం తవ్విస్తున్నారు. యాభై అడుగుల పొడవు, నలభై వెడల్పు, ఆరడుగుల లోతు. పని ఒక కాంట్రాక్టరుది. కాంట్రాక్టరు తరపున కొలవడానికి ఒక సూపర్‌వైజరు వచ్చేవాడు. చెప్పిన రోజుకు ఆరడుగులు దించితే పక్క ఊళ్ళలో ఇంకో మూడు గుంతలు మా జట్టుకే. లేకపోతే వేరే జట్టు సిద్ధంగా ఉంది. అంటే వానలు పడేదాకా మేమంతా ఒకేచోట, ఇళ్ళ దగ్గరే ఉండి పని చేసుకోవచ్చా, చెదిరిపోవాలా అన్నది ఆ ఆరడుగుల మీద ఉంది.

నాలుగున్నర అడుగుల దగ్గర మొరం తగిలింది. గడ్డపార వేస్తే నిప్పురవ్వ లేచేది. ఆడవాళ్ళు కూడా గడ్డపారలు పట్టారు. కొలతకు ముందురోజు మధ్యాహ్నానికి అయిదున్నర అయింది. గడ్డపారల మొనలు మొద్దుబారాయి. వాటిని సాగదీయించుకు వస్తానని ఆయన కమ్మరి దగ్గరికి పోయాడు. మిగిలినవాళ్ళు సంగటి తిని చెట్లకింద వాలిపోయారు.

నేను పుస్తకం తీశాను. యాభై ఇంటు నలభై ఇంటు అర. వెయ్యి ఘనపుటడుగులు. ఆ మొరంలో పన్నెండు మందికి రెండు రోజుల పని. మాకున్నది ఒక పూట. అదే వెయ్యి అడుగులు ఇంకో వైపు నుంచి చూస్తే, దిబ్బ నెత్తిన అర్ధడుగు. మూడు మూళ్ళు తొమ్మిది చదరపుటడుగులు, ఎత్తు అర. నాలుగున్నర ఘనపుటడుగుల మన్ను. వెయ్యికి బదులు నాలుగున్నర. ఆ అంకెలు పక్కపక్కన రాసుకుని చూసినప్పుడు నాకు తప్పు చేస్తున్నాననిపించలేదు. లెక్క కుదిరిందనిపించింది.

తోట వెనక చేనుగట్టు మీద అదే గరిక ఉంది. పార వెడల్పు తొమ్మిదంగుళాలు. తొమ్మిదంగుళాల చదరాలుగా, మూడంగుళాల మందాన, వేళ్ళతో సహా కోశాను. దిబ్బ నెత్తిన ముందు మూడంగుళాల మన్ను పరిచి, తడిపి, చేత్తో అదిమాను. దానిమీద పెళ్ళలు. వరుసకు నాలుగు, నాలుగు వరుసలు. పదహారు. సందుల్లో తడిమన్ను కూరి, గడ్డి కొసలు వేళ్ళతో దువ్వి, ఆయన పోసినట్టే రెండు చెంబుల నీళ్ళు పోశాను. అంత ఒద్దికగా నేను ఏ పనీ చేసి ఉండను.

ఆయన తిరిగి వచ్చేసరికి పొద్దు వాలింది. గుంతలో నీడ. కొలత సంగతి రేపు చూద్దాం లెమ్మన్నాడు.

పొద్దున సూపర్‌వైజరు వచ్చాడు. వెంట తెచ్చుకున్న మనిషి గుంతలోకి దిగి దిబ్బ పక్కన కొలబద్ద నిలబెట్టాడు. "ఆరు," అన్నాడు. సూపర్‌వైజరు పుస్తకంలో ఆరు వేశాడు. మావాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆయన భార్య పమిట కొంగుతో ముఖం తుడుచుకుని, "గండం గడిసింది," అంది.

ఆయన గుంతలోనే ఉన్నాడు. అలవాటుగా దిబ్బ పక్కకు చెయ్యి ఆనించాడు. బొటనవేలు కిందికి జరిగింది, ఆగింది. మళ్ళీ పైకి పోయి నెమ్మదిగా కిందికి దిగింది. అప్పుడు చూశాను నేను కూడా. ఆ తోటలో పైన జానెడు నల్లమన్ను, దానికింద ఎర్రమన్ను. దిబ్బ పక్కన మాత్రం గడ్డి కింద నల్లమన్ను, దాని కింద ఎర్రటి చార, మళ్ళీ వేళ్ళతో నల్లమన్ను. నేను ఎత్తు లెక్క వేశాను, వెడల్పు లెక్క వేశాను. నేల పొరలు పొరలుగా ఉంటుందన్నది నా లెక్కలోకి రాలేదు.

ఆయన తలెత్తి గట్టున ఉన్న మా అందరినీ చూశాడు. నేను నోటుపుస్తకంలోకి చూస్తున్నాను. అందులో ఏమీ లేదు. ఎంతసేపు చూశాడో చెప్పలేను. నేను లెక్కపెట్టని సమయం అదొక్కటే.

"సార్, ఆ ఆరు కొట్టెయ్యండి," అన్నాడు.

"ఎందుకప్పా?"

"అయిదున్నరే. పైన అర్ధడుగు నేను పెట్టినాను."

కొలబద్ద పట్టుకున్నవాడు పరాచికమనుకుని నవ్వాడు. ఆయన వేళ్ళు దూర్చి ఒక పెళ్ళను లేవదీసి చూపించాడు. ఆ నవ్వు ఆగిపోయింది.

"ఏంది నువ్వు మాట్లాడేది? ఎప్పుడు పెట్టినావు?" అంది ఆయన భార్య గట్టు మీంచి.

"నువ్వుండు."

సూపర్‌వైజరు ముఖం ఎర్రబడింది. "ఇన్నాళ్ళూ నీ దిబ్బను నేను వంగి గూడా సూడలేదే. నువ్వు చెప్పిందే రాసుకుంటా వచ్చినానే. ఇంకెన్నింటి మీద పెట్టినావు?"

"ఇదొక్కటే సార్."

"పట్టుబడినోడు ఒక్కటే అంటాడు." సూపర్‌వైజరు పుస్తకంలో కొట్టేస్తూ తనలో తను అన్నట్టు, "అర్ధడుగంటే ఎంతొస్తాది?" అన్నాడు.

"వెయ్యి ఘనపుటడుగులు సార్."

అన్నది నేనే. నన్ను ఎవరూ అడగలేదు. నోరు దానంతట అదే చెప్పింది. సూపర్‌వైజరు నా వైపు తిరిగి చూశాడు. గుంతలో ఆయన కూడా చూశాడు. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది. లెక్క సరిపోయిందని తలాడించాడు, అంతే.

మూడు గుంతలూ పోయాయి. ఆ మాట చుట్టుపక్కల పని ఇచ్చేవాళ్ళందరికీ పాకింది. నెల తిరక్కుండా జట్టు చెదిరింది. ఆయన, భార్య, అయిదేళ్ళ కూతురు పులికాట్ వైపు రొయ్యల గుంటలు తవ్వే పనికి పోయారు. అక్కడ పార దిగితే బురద, తీస్తే నీళ్ళు. ఆ నేలలో దిబ్బ నిలవదు. కొలత లేదు, రోజుకూలి. ఆయనకు తెలిసిన విద్యకు అక్కడ పని లేదు.

నా సంగతి చెప్పాలంటే ఇప్పటికీ చెయ్యి ఆగుతుంది. వారం తిరక్కుండా ఆ సూపర్‌వైజరు నాకు కబురు పెట్టాడు. "లెక్క నీ నాలుక మీద ఉండాది. నాతో కొలతలకు వస్తావా? మీ మేస్త్రి మాదిరిగాకుండా నమ్మకమైనోడు కావాల," అన్నాడు. నేను పోయాను.

రెండేళ్ళ తర్వాత పాకాల స్టేషన్లో ఆయన కనిపించాడు. కుటుంబంతో తిరిగి వస్తున్నాడు. మూటలు దించుతున్నాడు. కాళ్ళు మోకాళ్ళ దాకా తెల్లగా పగిలి ఉన్నాయి. నేను దగ్గరికి పోయాను. భార్యా కూతురూ కుళాయి దగ్గర ఉన్నారు.

"ఏం లెక్కలోడా. ఈ పొద్దు ఎన్ని గుంతలు కొలిసినావు?"

"మామా, ఈ పొద్దే అందరికీ చెప్పేస్తాను. ఊళ్ళోకి వస్తాను."

"ఏంది చెప్పేది?"

"నీకు తెలుసు గదా."

ఆయన మూట ముడి విప్పి, మళ్ళీ బిగించి కట్టాడు. "మేస్త్రిని నేను. దిబ్బ నాది. దాని నెత్తిన ఏమున్నా నాదే."

"అట్లయితే ఆ పని చేసినోణ్ణి నేనని ఎందుకు చెప్పలే?"

"నాకు పారుండాది. పేరు పోయినా అది తవ్వుతాది. నీకేముండాది? మాట. అది పోతే నువ్వు దేనికీ పనికిరావు." కాస్త ఆగి, "ఊళ్ళోకొచ్చి ఆ మాట ఎత్తినావంటే, నా మాట అబద్దం చేసినోడివైతావు. రావద్దు," అన్నాడు.

భార్య నీళ్ళతో వస్తోంది. ఆయన గొంతు మార్చి మామిడికాయల ధర అడిగాడు.

ఆ తర్వాత పది పన్నెండుసార్లు కలిసి ఉంటాం. సంతలో, బస్సులో, ఒకరిద్దరి పెళ్ళిళ్ళలో. ప్రతిసారీ "ఎన్ని కొలిసినావు?" అనేవాడు. అంకె చెప్పేవాణ్ణి. తలాడించేవాడు. ఆ ప్రశ్న ఎదురవుతుందని తెలిసి నేను ఒక్క కొలత కూడా పక్కకు జరపలేదు. పనివాళ్ళ దగ్గర గానీ కాంట్రాక్టరు దగ్గర గానీ ఒక టీ కూడా తాగలేదు. ఏ దిబ్బనైనా పక్కలు గీకి పొరలు చూడకుండా కొలవలేదు. జనం దాన్ని నా గుణమనుకున్నారు.

మూడో రోజు కార్యం ముగిశాక ఆ ఇంటికి చేరాను. ముంగిట్లో టెంటు కింద పాత జట్టువాళ్ళు నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు. అందులో ఇద్దరికి ఇప్పుడు సొంత జేసీబీలున్నాయి. వాళ్ళ పనులు కొలిచేది నేనే. ఆయన భార్య గడప పక్కన గోడకు ఆనుకుని ఉంది. నన్ను చూసి, "వచ్చినావా," అంది. ఆ నోట్లోంచి అంతకంటే మాట రాలేదు.

కూతురు నాకు మంచినీళ్ళు ఇచ్చింది. అదే ఊళ్ళో పాలకేంద్రంలో పాలు పరీక్ష చేసే పని ఆ అమ్మాయిది. అక్కడి నుంచి వచ్చిన ఒకావిడతో మాట్లాడుతోంది.

"మా నాయన జన్మలో ఒక్కటే తప్పు చేసినాడక్కా. దిబ్బ మీద గడ్డి పెట్టి ఎత్తు పెంచినాడు. కొలిసేవాడు పసిగట్టలే. ఆరని రాసేసుకున్నాడు గూడా. ఎవురూ అడక్కుండానే, అంతమంది ముందర, నేనే చేసినానని ఒప్పుకున్నాడు. పోయినేడు నేను ఒక పొద్దు పాల చిక్కదనం వరస మొత్తం తారుమారు రాసినాను. ఎవురికీ తెలీదు. మా నాయన గుర్తొచ్చినాడు. పోయి చెప్పేసినాను."

గ్లాసు పక్కన పెట్టాను.

"అది మీ నాయన చెయ్యలేదమ్మా. నేను చేసినాను."

ముందు టెంటు కింద ఎవరో దగ్గారు. జేసీబీవాళ్ళలో ఒకడు, "ఊరుకోప్పా. పోయినాయన మీద ప్రేమ కొద్దీ అంటాండావు," అన్నాడు. రెండోవాడు నవ్వాడు. "నువ్వు దొంగ కొలత చేసినావంటే ఎవురన్నా నమ్మాల గదా. ఇంకేదైనా చెప్పు." మిగిలినవాళ్ళు కూడా నవ్వి, చావు ఇల్లని గుర్తొచ్చి ఆపుకున్నారు.

నేను చెప్పిన అంకెను ఎవరూ మళ్ళీ కొలవరని ఇందాక రాశాను. ఆ ముంగిట్లో మొదటిసారి నిజం చెబితే ఒక్కరూ నమ్మలేదు. ఆ సంగతి నాకు అందడానికి కాసేపు పట్టింది. మూడు రోజులుగా నేను భయపడింది నమ్ముతారని.

కూతురు మాత్రం నవ్వలేదు. నా ఎదురుగా వచ్చి కూర్చుంది.

"అంటే మా నాయన అబద్దం చెప్పినాడంటావా అన్నా?"

దానికి నేను సిద్ధపడి రాలేదు. ఆయన మీది దొంగతనం తీసేయాలనుకున్నాను. తీసేస్తే ఆ చోట అబద్ధం మిగులుతుందనీ, ఒప్పుకోలు చూసి ఒక మనిషి తన నడవడి దిద్దుకుందనీ నా లెక్కలో లేదు. ఈసారి కూడా నేను పొరలు చూడలేదు.

"చెప్పినాడమ్మా," అన్నాను. "అదొక్కటే."

చేనుగట్టు ఎటువైపు ఉందో చెప్పాను. పార వెడల్పు చెప్పాను. కింద మూడంగుళాల మన్ను, పైన మూడంగుళాల పెళ్ళ. వరుసకు నాలుగు, నాలుగు వరుసలు, పదహారు పెళ్ళలు.

ఆమె కళ్ళు మూసుకుంది. పెదవులు కదులుతున్నాయి. మట్టిపని ఇంట్లో పుట్టిన పిల్ల. తొమ్మిదంగుళాలు నాలుగు పెడితే మూడడుగులు. మనసులో పరుస్తోందని తెలుస్తూనే ఉంది. కళ్ళు తెరిచి నెమ్మదిగా అంది.

"చిన్నప్పుడు నేను అడిగినాను. ఎన్ని పెళ్ళలు పెట్టినావు నాయనా అని. నాలుగో అయిదో అన్నాడు." టెంటు కింద ఉన్నవాళ్ళ వైపు తిరిగింది. "మా నాయన మన్ను సంగతి ఎప్పుడన్నా నాలుగో అయిదో అని చెప్పినాడా మీకు?"

ఊరుకోప్పా అన్న జేసీబీ అతను కుర్చీలో ముందుకు వంగి నేల వైపు చూస్తున్నాడు. ఇందాక నవ్విన అతను నా ముఖంలోకి చూసి చూపు తిప్పుకున్నాడు. వాళ్ళు ఇక నన్ను కొలతకు పిలుస్తారో లేదో నాకు తెలియదు. అప్పుడు దాని గురించి ఆలోచించలేదు కూడా.

గోడ దగ్గర చప్పుడైంది. ఆయన భార్య లేవబోయి, లేవలేక మళ్ళీ కూర్చుంది.

"నాకు గూడా చెప్పలేదే," అంది.

కూతురు దగ్గరికి పోయి చెయ్యి పట్టుకుంది. తల్లి విడిపించుకుంది.

"కోపమొచ్చినప్పుడంతా అదే అనేదాన్ని. దిబ్బకు గడ్డి కప్పినోడివి, నువ్వా నాకు చెప్పొచ్చేదని. పులికాట్ బురదలో అన్నాను. ఈడికొచ్చినాక అన్నాను. బిడ్డ పెండ్లి పందిట్లో, వచ్చినోళ్ళ ముందర అన్నాను."

"ఆయన ఏమనేవాడత్తా?" అన్నాను.

"ఏమంటాడు. నవ్వేవాడు." ఎవరి వైపూ చూడటం లేదు. "సోమవారం పోయినాడు గదా. శుక్రవారం చారులో ఉప్పు ఎక్కువైందన్నాడు. అప్పుడు గూడా అనేసినాను. తల వంచుకుని తినేసినాడు."

కొంగు చివర వేలికి చుట్టుకుంటూ మళ్ళీ అంది.

"ఉప్పు నిజంగానే ఎక్కువైంది ఆ పొద్దు."